రత్నకుమారి వాటా

జున్ను రోజూ పొద్దున్నే మంచం దగ్గరకొచ్చి నిలబడేది. వెంటనే లేపేది కాదు. నిద్రపోతున్న మొహంలోకి కాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగేది.

"ఇవాళ ఎవరు?"

కళ్ళు తెరిచిన మనిషి "అమ్మమ్మనే తల్లీ" అంటే "ఓహో" అని మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయేది. "నేనేరా" అంటే మంచం మీదికి ఒక్క గెంతు గెంతేది.

వంటింట్లో టీ పెడుతూ వీర్రాజు ఆ గెంతు కోసం వినేవాడు. మంచం కిర్రుమంటే కూతురు లేచినట్టు. కిర్రుమనకపోతే భార్య లేచినట్టు. దాన్నిబట్టి టీలో పంచదార వేసేవాడు. రత్నకుమారి చప్పటి టీ తాగుతుంది. లిఖితకి రెండు చెంచాలు కావాలి. తాగేది ఒకే నోరు, షుగరు జబ్బు ఒకే ఒంటిది. చెబితే లిఖిత వినేది కాదు.

రెండేళ్ళ కిందట సామర్లకోట రోడ్డులో బస్సు బోల్తా పడింది. లిఖిత ఒళ్ళు బతికే స్థితి దాటిపోయింది, మెదడు మాత్రం ఇంకా పనిచేస్తోంది. కాకినాడ బీచ్ రోడ్డులో ఉన్న పరిశోధన కేంద్రంలో అప్పటికే ఒక ప్రయోగం నడుస్తోంది. ఒక మనిషి మెదడుకి రూపాయి బిళ్ళంత డిస్కు అతికిస్తారు. దాన్ని రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో ఆ ఒంటి మనిషినీ, రెండోదాంట్లో ఇంకో మనిషినీ ఉంచుతారు. ఒళ్ళు ఒకటే కాబట్టి ఒకసారి ఒకరే మేలుకుంటారు. రెండో మనిషి అంతసేపూ లేనట్టే. కల కూడా రాదు. రక్తసంబంధం ఉంటేనే మెదడు ఒప్పుకుంటుందని అక్కడి డాక్టరు చెప్పింది.

"అయితే ఇంకెవర్నో అడగడం ఎందుకండీ? నేనున్నాను కదా" అంది రత్నకుమారి. భర్త వైపు కూడా చూడలేదు.

ఆ పద్ధతి తొందరగానే అలవాటైంది. మంచం తలవైపు గోడకి చిన్న పలక బిగించారు. దాని మీద రెండు దీపాలు. పసుపుది రత్నకుమారిది, నీలంది లిఖితది. పడుకునే ముందు ఏది ముట్టుకుంటే నిద్ర లేచేది వాళ్ళు. ఏదీ ముట్టుకోకపోతే రత్నకుమారి లేస్తుంది.

అలవాటు కానివి మిగతావన్నీ. అల్లుడు కొన్నాళ్ళు ఆదివారాలు వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. "మాట లిఖితదేనండీ మావయ్యగారూ. తలెత్తి చూస్తే ఎదురుగా అత్తయ్యగారు. నేనేం చెయ్యను చెప్పండి" అని ఒకరోజు ఏడ్చాడు. కాగితాల ప్రకారం లిఖిత చనిపోయిన మనిషే. అతను మళ్ళీ పెళ్ళి చేసుకుని పిల్లని వీళ్ళకి వదిలేశాడు. చుట్టాలందరూ తిట్టిపోశారు. వీర్రాజుకి తిట్టాలనిపించలేదు. అతను చూసింది తనూ రోజూ చూస్తున్నాడు.

తల్లీ కూతుళ్ళు మాత్రం ఆ రెండేళ్ళలో ఒక్కసారి కూడా కలుసుకోలేదు. ఇద్దరి మధ్యా కబుర్లు మోసేది వీర్రాజే. ఐస్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పని కంటే ఇంట్లో ఈ పనే అతనికి ఎక్కువగా ఉండేది.

"నిన్న ఏం వండిందండీ?" అని అడిగేది రత్నకుమారి.

"గుత్తొంకాయ."

"నూనె కుమ్మరించి ఉంటుంది."

"కుమ్మరించింది. బాగుంది."

"సగం సీసా పోస్తే గడ్డి కూడా బాగుంటుంది. చెప్పండి దానికి. అది పోసే నూనంతా నా గుండెలోకే పోతోందని."

మర్నాడు ఆ మాట చెబితే లిఖిత నవ్వేది. "సగం గుండె నాదే కదా నాన్నా. నా సగంలోకి పోయిందని చెప్పు."

*

రోజు విడిచి రోజు, చెరి సగం. పరిశోధన కేంద్రం పెట్టిన షరతు అదొక్కటే. డాక్టర్ గ్రేస్ సుహాసిని మొదటిరోజే గట్టిగా చెప్పింది. "ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అయితే డిస్కు దెబ్బతింటుందమ్మా. అలా జరిగితే రెండోవాళ్ళని తీసెయ్యడం తప్ప నాకు దారి ఉండదు."

రత్నకుమారి ఆ షరతు ఒక ఏడాది పాటించింది. తరవాత జున్ను పుట్టినరోజు తన రోజున పడింది. ముందురోజు పడుకోబోతూ లిఖిత ముట్టుకున్నది పసుపు దీపాన్నే. తెల్లారి రత్నకుమారి లేచింది, తలంటు పోసి కొత్త గౌను తొడిగింది, పాయసం దించింది. ఇంకో పది నిమిషాలు నడుం వాలుస్తానంటూ వెళ్ళి నీలం దీపం ముట్టుకుని పడుకుంది. కొవ్వొత్తి ఆర్పే వేళకి పిల్ల పక్కన తల్లి ఉంది.

అక్కడితో మొదలైంది. ఆ తరవాత ఆదివారాలు ఇచ్చేసింది. పండగలు ఇచ్చేసింది. జున్ను స్కూల్లో డాన్సు ఉంటే ఇచ్చేసింది. కొన్నాళ్ళకి లేచి వంట చేసి, గిన్నెలు తోమి, ఎండ ఎక్కేసరికి పడుకునేది. తను ఉంచుకున్నవి రెండు రకాల రోజులే. పిండి రుబ్బే రోజు, చేపలు కడిగే రోజు, గ్యాస్ బండ వచ్చే రోజు ఒక రకం. జ్వరం తగిలిన రోజూ, నడుం పట్టేసిన రోజూ రెండో రకం. ఒళ్ళు నొప్పులతో లిఖిత లేస్తే వెంటనే పడుకుని అమ్మకిచ్చెయ్యమని వీర్రాజుతో కబురు పెట్టింది.

"నడుం నొప్పి దానికెందుకండీ? దానికి ముప్ఫయ్యేళ్ళు కూడా లేవు" అనేది.

"ఇవాళ నీ రోజే కదే రత్నం. కాసేపు కూచోరాదా?" అన్నాడు ఒకసారి వీర్రాజు.

"కూచుని ఏం చెయ్యనండీ? అది లేస్తే పిల్లకి జడేసుకుంటుంది."

"నాతో మాట్లాడు."

"ముప్ఫయ్యేళ్ళు మాట్లాడాను. ఇంకా ఏం మిగిలిందండీ, మళ్ళీ మీ ఐస్ ఫ్యాక్టరీ గురించేగా?" అని నవ్వి, చీర కొంగు మొహం మీద కప్పుకుని పడుకుంది.

అతను ఇంకోసారి అడగలేదు. సాయంత్రం ఇంటికి వస్తే లిఖితా జున్నూ నవ్వుకుంటూ ఎదురొచ్చేవారు. ఆ నవ్వులు అతనికీ బాగుండేవి. రత్నం ఎక్కడికి పోతుందిలే అనుకునేవాడు.

"నిన్నా నేనే, మొన్నా నేనే. అమ్మ ఏది నాన్నా?" అని లిఖిత నిలదీస్తే, "నీరసంగా ఉందిట. పడుకోనీ" అనేవాడు. అలా చెప్పమన్నది రత్నకుమారే. లిఖిత కాసేపు అనుమానంగా చూసేది. ఈలోగా జున్ను పుస్తకం పట్టుకుని ఒళ్ళోకి ఎక్కేది.

*

ఒక పొద్దున జున్ను మంచం దగ్గర నిలబడి అడిగిన దానికి జవాబు రాలేదు.

కళ్ళు తెరుచుకున్నాయి. చూపు పైకప్పుకేసి ఉంది. ఒక చెయ్యి గాల్లోకి లేచి అలాగే బిగుసుకుపోయింది.

"ఇవాళ ఎవరు?" అని జున్ను మళ్ళీ అడిగింది. మూడోసారి అడగలేదు. "తాతా, ఎవరూ రాలేదు!" అని కేక పెట్టింది.

వీర్రాజు పొయ్యి మీద పాలు అలాగే వదిలేసి పరిగెత్తాడు. పాలు పొంగి మాడిపోయిన వాసన వస్తుండగా, ఆ చెయ్యి మెల్లిగా కిందికి దిగింది. రత్నకుమారి లేచి కూర్చుని, "పాలు పొంగిపోతుంటే ఇద్దరూ ఇక్కడేం చేస్తున్నారండీ?" అంది.

ఆరోజే డాక్టర్ గ్రేస్ దగ్గరికి వెళ్ళారు. ఆమె తెర మీద పొడుగాటి పట్టీ చూపించింది. సగం పసుపు, సగం నీలం.

"ఈ రెండిటినీ నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడిపోయిందండీ. ఒకరి నుంచి ఇంకొకరికి మారేటప్పుడు తడబడుతోంది. ఇలాగే వదిలేస్తే ఒకరోజు ఇద్దరిలో ఎవరూ లేవరు. కొత్త వెర్షన్ వచ్చింది. ఎక్కించెయ్యాలి."

"ఇద్దరికీ ఏం కాదు కదండీ?" అన్నాడు వీర్రాజు.

"కొత్తదానికి చోటు ఎక్కువ కావాలి. రెండు భాగాల్నీ కాస్త కాస్త కుదించి అదే చోటు చేసుకుంటుంది. మా దగ్గర ఇంకొంతమందికి చేశాం. అందరూ బాగున్నారు."

"ముందుగా మా అమ్మాయిని ఇంకోచోట దాచి ఉంచలేరా డాక్టరుగారూ?" అంది రత్నకుమారి. "ఏ పెట్టెలోనో."

గ్రేస్ తల అడ్డంగా ఊపింది. "బతికున్న మెదడు మీద తప్ప నిలవదమ్మా. పెట్టెలో పెట్టే వీలుంటే మీ తలలో ఎందుకు పెడతాం?" తరవాత కలం తీసుకుని మామూలుగా అడిగింది. "రోజు విడిచి రోజేగా, మీ ఇంట్లో?"

వీర్రాజు నోరు తెరిచాడు. బల్ల కింద రత్నకుమారి అతని పాదం తొక్కింది.

"ఆయ్. రోజు విడిచి రోజేనండి" అంది రత్నకుమారి. "చెరి సగం. మా ఇంట్లో ఆ విషయంలో తేడా ఉండదండి."

గ్రేస్ తల ఊపి రాసుకుంది. ఎవరు ఏరోజు మేలుకున్నారో డిస్కులో నమోదవుతుంది. అది కేంద్రం వాళ్ళు తెరిచి చూడరు. ఇళ్ళల్లో విషయాలు మాకెందుకని మొదట్లోనే మాటిచ్చారు.

ఆటోలో వస్తూ వీర్రాజు గట్టిగానే కోప్పడ్డాడు. "అబద్ధం ఎందుకు చెప్పావే?"

"నిజం చెబితే షరతు తప్పామని పిల్లని తీసేస్తారు. మీరు ఊరుకుంటారా?"

"ఆవిడ ఎందుకడిగిందో ఏంటో."

"ఎందుకడుగుతారు, రాసుకోడానికి. మనింట్లో ఎవరు తిన్నారు, ఎవరు తినలేదన్నది బయటివాళ్ళకి చెప్పుకుంటామా?" ఆమె ఆటోలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. "నాకేమన్నా అయినా పర్వాలేదండీ, దానికి కాకుండా చూడమని చెప్పండి డాక్టరుతో" అంది.

"నాకు ఇద్దరూ కావాలి" అన్నాడు వీర్రాజు.

ఆమె అతని మొహంలోకి చూసి, సిగ్గుపడినట్టు తల తిప్పుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అలాంటి మాట అతను అనడం అదే మొదలు.

*

కొత్త వెర్షన్ ఎక్కించాలంటే ఒంటి అసలు మనిషి మేలుకుని ఉండగా మొదలుపెట్టాలి. పని పూర్తయ్యాక మొదట లేవాల్సిందీ ఆమే. అందుకని ఆ పొద్దున రత్నకుమారి లేచింది. పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది. "ఆస్పత్రి కేంటీన్లో తినకండి, మీ కడుపుకి పడదు" అంది. లోపలికి తీసుకెళ్తుంటే వెనక్కి తిరిగి, జున్నుని పక్కింటి నుంచి తీసుకొచ్చుకోవడం మర్చిపోవద్దంది.

అద్దం ఇవతల కుర్చీలో వీర్రాజు కూర్చున్నాడు. లోపలి తెర అతనికి కనిపిస్తూనే ఉంది. పసుపూ నీలం పట్టీ బూడిద రంగుకి తిరిగింది. చాలాసేపు అలాగే ఉంది. అతను పులిహోర డబ్బా మూత తీసి, తినబుద్ధి కాక మళ్ళీ పెట్టేశాడు.

తరవాత రంగులు తిరిగొచ్చాయి. ఒక చివర కొత్త వెర్షన్‌ది సన్నటి తెల్ల పట్టీ. దాని పక్కన నీలం. ఆ పక్కన ఏ రంగూ లేదు.

గ్రేస్ వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. ఒకసారి అద్దంలోంచి వీర్రాజు వైపు చూసి మళ్ళీ తెర వైపు తిరిగింది. అతనికి ఆ పట్టీలు అర్థం కాకపోయినా ఆ చూపు అర్థమైంది. లేచి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు.

మంచం మీద మనిషి కళ్ళు తెరిచింది. చుట్టూ చూసి అతన్ని పోల్చుకుంది.

"నాన్నా, ఇవాళ అమ్మ రోజు కదా. ముందు అమ్మ లేవాలన్నారుగా. నేను లేచానేంటి?"

గ్రేస్ అతన్ని పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపు మూసింది. "రోజు విడిచి రోజేనా వీర్రాజుగారూ? ఇప్పుడైనా నిజం చెప్పండి."

అతను చెప్పాడు. పుట్టినరోజు దగ్గర్నుంచి చెప్పాడు. పిండి రుబ్బే రోజులు, నడుం పట్టేసిన రోజులు కూడా చెప్పాడు. వింటూ వింటూ గ్రేస్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కొత్త సిస్టమ్ చోటు కోసం వెతుకుతుందండీ. ఎవరూ పెద్దగా తలుపు తియ్యని గది కనిపిస్తే ఖాళీ గది అనుకుంటుంది. మేం ఇంతకుముందు ఎక్కించిన వాళ్ళందరూ చెరి సగం వాడుకున్నవాళ్ళే. తన వాటా తను వదిలేసుకునే మనిషి ఉంటుందని ఇది రాసినవాళ్ళకి తట్టలేదు." ఆమె కళ్ళజోడు తీసింది. "వాళ్ళకి తట్టకపోతే పోనీ. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను. మా అమ్మా అందరూ తిన్నాకే తినేది. నాకైనా తట్టాల్సింది."

"చెరిపేసిందా మా ఆవిడని?"

"లేదు. తలుపు తీసేసి గోడ కట్టింది, అంతే. ఆవిడ లోపలే ఉన్నారు. కానీ ఆ చోటు ఖాళీ అని సిస్టమ్ రాసేసుకుంది. ఇకనుంచి లిఖిత కొత్తగా ఏది చూసినా, ఏది విన్నా అది వెళ్ళి ఆ ఖాళీలో పడొచ్చు. పడినచోట ఆవిడ ఉండరు."

బెంగుళూరు నుంచి ఈ సిస్టమ్ రాసినవాళ్ళే పరికరాలు తీసుకుని రావాలి. గోడ తీసే ప్రయత్నం చేస్తారు. నెల పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. అంతవరకూ లిఖిత కొత్తది ఏదీ లోపలికి తీసుకోకూడదు. చీకటి గదిలో ఉండాలి. మాటలు వద్దు. రోజూ ఒకటే తిండి.

"మందిచ్చి నిద్రపుచ్చరాదా అండీ?"

"నిద్రలోనే సిస్టమ్ అన్నీ సర్దుతుంది. మందు నిద్రలో ఇంకా ఎక్కువ సర్దుతుంది. అది మరీ ప్రమాదం."

తలుపు తెరుచుకుంది. లిఖిత, తల్లి కాళ్ళ మీద తూలుతూ నిలబడి ఉంది. విన్నట్టుంది. అప్పటికే కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఇంటికి తీసుకెళ్ళు నాన్నా" అంది. "నా మొహానికి ఏదన్నా గుడ్డ కట్టు."

*

వెనకగది కిటికీకి దుప్పట్లు కొట్టారు. మంచం, నీళ్ళ కుండ, ఇంకేమీ లేదు. లోపలికి వెళ్ళేముందు లిఖిత తండ్రి చెయ్యి తడిమి పట్టుకుంది. అది రత్నకుమారి చెయ్యే, రుబ్బీ తోమీ గరుకెక్కిన చెయ్యి.

"నీరసంగా ఉందిట అనేవాడివి. నేనూ నమ్మినట్టు ఉండేదాన్ని. నాకూ ఆ రోజులు కావాల్సి వచ్చాయి నాన్నా, అందుకని ఎక్కువ అడగలేదు. ఈ ఒక్కసారైనా ఆవిడ వాటా ఆవిడకి ఉంచనీ. బయట గడియ పెట్టుకో. తియ్యమని నేను బతిమాలినా తియ్యకు."

వీర్రాజు గడియ పెట్టాడు. ఫ్యాక్టరీకి సెలవు చెప్పేశాడు. పూటపూటా పప్పూ అన్నం కలిపి, తలుపు కాస్త తీసి లోపలికి జరిపి మళ్ళీ మూసేవాడు. లోపలి నుంచి ఏ చప్పుడూ వచ్చేది కాదు. పగలంతా తలుపుకి వీపు ఆనించి కూర్చునేవాడు.

అలా కూర్చున్నప్పుడు ఆ రంగులేని చోటు గురించి ఆలోచించేవాడు. అందులో ఏమున్నాయో అతనికి సరిగ్గా తెలియదు. లిఖిత కంటే ముందు ఒక మగపిల్లాడు పుట్టి పోయాడు. అప్పుడు వీర్రాజు పారాదీప్‌లో పనిలో ఉన్నాడు. ఆ బిడ్డ మొహం రత్నకుమారి ఒక్కతే చూసింది. ఎలా ఉన్నాడని అతను ఎప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఇంకా ఏమేం అడగలేదో గుర్తు చేసుకోబోయాడు. అడిగినవే తక్కువ.

అమ్మకి కళ్ళు బాలేవని జున్నుకి చెప్పారు. మొదట్లో తలుపు దగ్గరకొచ్చి చెవి ఆనించేది. "అమ్మా, నేను ఎదురుగానే కూచున్నా" అనేది. వీర్రాజు వేలు పెదాల మీద పెట్టేవాడు. ఒకరోజు అది స్కూల్లో నేర్చుకున్న కొత్త పాట తలుపు దగ్గర నిలబడి గట్టిగా మొదలుపెట్టింది. అతను లేచి లెంపకాయ కొట్టాడు. ఎన్నడూ పిల్ల మీద చెయ్యెత్తని మనిషి. జున్ను ఏడవలేదు. బుగ్గ పట్టుకుని అతని వంక చూసి, మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. ఆ పాటలో ఎంత లోపలికి వినిపించిందో, దానికి రత్నం ఎంత పోయిందో అన్నదే ఆ క్షణంలో అతని ఆలోచన. పిల్ల బుగ్గ గురించి తరవాత గుర్తొచ్చింది.

గ్రేస్ ఫోన్ చేసింది. బెంగుళూరు వాళ్ళు ఇంకా బయల్దేరలేదంది. ఈ రకం గోడ ఇంతకుముందెవరూ తియ్యలేదట, హామీ ఇవ్వలేమంటున్నారట.

"ఏమాత్రం ఆశుందండీ?" అన్నాడు.

"ఉన్నదాన్ని కాపాడండి. అంతకన్నా నేనేం చెప్పలేను" అంది.

మర్నాడు మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని జామకాయ తింటున్న జున్ను గట్టిగా అరిచింది. వీర్రాజు లేచేలోగా పరిగెత్తుకొచ్చింది. గౌను మీదికి రక్తం కారుతోంది. అతన్ని తప్పించుకుని తలుపు మీద రెండు చేతులతో కొట్టింది.

"అమ్మా! నా పన్ను ఊడిపోయింది! రక్తం వస్తోందమ్మా!"

"అరవకు తల్లీ. పాలపన్నే, మళ్ళీ వస్తుంది. ఇటు రా" అని వీర్రాజు చెయ్యి పట్టుకోబోయాడు. జున్ను విదిలించుకుంది. ఆ లెంపకాయ తరవాత అది అతని దగ్గరికి రావడం లేదు.

"నీకూ రక్తం వచ్చే చచ్చిపోయావుగా. నేనూ చచ్చిపోతానా?" అంది తలుపుతో. "నన్నెవరి తలలో పెడతారు?"

లోపల మంచం కిర్రుమంది. పాదాల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది.

"నాన్నా, తలుపు తియ్యి."

"బతిమాలినా తియ్యొద్దన్నావు."

"అన్నాను. తియ్యి."

"లోపల మీ అమ్మ ఉందే లిఖీ. ఇంకా ఉంది."

"తెలుసు నాన్నా. నేను తప్ప అమ్మని కాపాడేవాళ్ళు లేరని తెలుసు. ఇది ఏడుస్తోంది."

అతను గడియ మీద చెయ్యి వేసి ఉండిపోయాడు. రత్నం అయితే ఈపాటికి తలుపు బద్దలు కొట్టుకుని బయటికి వచ్చి ఉండేదని అతనికి తెలుసు. అలా తనని పక్కన పెట్టుకుని పెట్టుకునే ఆమె ఆ గోడ వెనక్కి చేరింది. ఈసారి తను ఆమె పక్షాన ఉండాలనుకున్నాడు. జున్ను కింద కూర్చుని, ఊడిన పన్ను గుప్పిట్లో పట్టుకుని, నోట్లోంచి కారే రక్తం తుడుచుకుంటూ వెక్కుతోంది.

గడియ తీశాడు.

వెలుగు లోపలికి పడింది. లిఖిత కళ్ళు మూసుకునే బయటికి వచ్చి, గుమ్మంలో చతికిలబడి చేతులు చాపింది. పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. తలా చెవులూ తడిమింది. వేలు నోట్లో పెట్టి చిగుళ్ళ మీద మెల్లిగా రాసింది.

"ఏం లేదురా. చిన్న కన్నం. నేనున్నాగా."

"కళ్ళు తెరువమ్మా. చూడకుండా నీకెలా తెలుస్తుంది?"

"వేలికి తెలుస్తోంది కదా."

"నువ్వు చూడు." జున్ను రెండు చేతులతో ఆ మొహం పట్టుకుంది. "ఒక్కసారి చూడమ్మా."

లిఖిత రెప్పలు వణికాయి. వీర్రాజు అటు తిరిగి నిలబడాలనుకుని, తిరగలేకపోయాడు.

ఆమె కళ్ళు తెరిచింది. జున్ను ఏడుస్తూనే పెద్దగా నోరు తెరిచి చూపించింది. కింది వరసలో ఎర్రటి చిన్న ఖాళీ. బుగ్గల మీద జామగింజలు, కన్నీళ్ళు. ఆ చూపు లోపల ఎక్కడ పడిందో, రత్నకుమారిలో దేని మీద పడిందో చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు.

చాలమ్మా, ఇక చాలు అన్న మాట వీర్రాజు నోటిదాకా వచ్చింది. లిఖిత ఇంకా చూస్తూనే ఉంది.